కంది చెట్టు రాత్రుల లెక్క

రాండి పిల్లలూ, అరుగు మీద కూర్చోండి. మన కొత్తచెరువు చుట్టూ ఏ ఎర్రనేల చేనుకైనా పోయి చూడండి, శెనక్కాయ సాళ్ల నడుమ ఇక్కడొకటి, అక్కడొకటి కంది సాలు కనిపిస్తుంది. రెండూ ఒకే పదునులో విత్తినవే. శెనక్కాయ నెల తిరిగేసరికి పసుపు పూలు పూస్తుంది. నాటు కంది మాత్రం ఏపుగా పెరుగుతూ, కార్తీకం దగ్గర పడేదాకా పూత మాటే ఎత్తదు.

ఇంకో వింత చెబుతా. ఆ కందినే జూన్‌లో వేస్తే కోతకు ఆరు నెలల దాకా పడుతుంది. ముంగారు వానలు మొహం చాటేసి సెప్టెంబరులో వేశారనుకోండి, నాలుగు నెలల చిల్లరకే కోత! మొక్క పొట్టిగా ఉండిపోతుంది, అందుకే అప్పుడు దగ్గర దగ్గరగా విత్తమంటారు. అంటే కంది తన వయసు ఒక్కటే చూసుకుని పూయడం లేదన్నమాట. పొద్దు చూసుకుంటోంది.

అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అని ఇద్దరు సరిగ్గా ఇదే చూశారు. వాళ్ల సోయా చిక్కుడు ఒక రకాన్ని ఎన్ని విడతలుగా విత్తినా దాదాపు ఒకేసారి పూసేది. ఒక పొగాకు రకమైతే ఎండాకాలమంతా మనిషిని మించి పెరిగినా పూసేది కాదు. మొక్కల్ని పొద్దుండగానే చీకటి కొట్లోకి చేర్చి, పగలును కురచ చేశారు. పూసింది! 1920లో ఆ సంగతి అచ్చయింది. అసలు మొక్క లెక్కపెట్టేది పగలును కాదు, రాత్రిని అని 1938లో తేలింది. చెప్పిందెవరనుకున్నారు? మన చెరువు కట్ట మీద పెరిగే, పంచెకు ముళ్లకాయలు అంటించే మరులుమాతంగి! పొడుగు రాత్రి ఒక్కటి చాలు దానికి పూయడానికి. ఆ రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగిస్తే మాత్రం పూయదు.

పూసేది కొమ్మ చివరైతే, రాత్రిని కనిపెట్టేది ఆకు. మరి ఆకుకు తెలిసిన సంగతి కొమ్మకెట్లా చేరుతుంది? ఇంట్లో వండిన సద్దిని పొలానికి మోసుకుపోయినట్టే. ఆకులో ఎఫ్‌టీ అనే ప్రొటీన్ తయారై, నాళాల గుండా కొమ్మ చివరికి పోతుంది. అది అందితే చిగురు కాస్తా మొగ్గ అవుతుంది. అట్లాంటిదేదో ఉండాలని 1930ల్లోనే అన్నారు, చేతికి చిక్కింది మాత్రం 2007 నాటికి.

గోధుమది తిరకాసు వ్యవహారం. దానికి పగలు పెరగాలి. చలిదేశాల గోధుమకైతే అది కూడా చాలదు, ముందు వారాల తరబడి చలి తగలాలి. కాలిఫోర్నియాలో డుబ్కోవ్‌స్కీ బృందం 2003 నుంచి 2006 లోపు దాని గుట్టు విప్పింది. వీఆర్‌ఎన్2 అనే జన్యువు పూతను ఆపి ఉంచుతుంది. చలి తగిలితే వీఆర్‌ఎన్1 మేల్కొని దాని నోరు మూయిస్తుంది. అప్పుడు ఆకులో ఎఫ్‌టీ తయారవుతుంది. ఆ గోధుమను తెచ్చి మన చేలో చల్లితే, గడ్డిలాగే ఉండిపోతుంది, వెన్ను తీయదు. మన దేశపు గోధుమల్లో వీఆర్‌ఎన్1 చలితో పనిలేకుండానే మేల్కొనే ఉంటుంది. పగటి పొడవును పట్టించుకునే ఇంకో జన్యువు కూడా ఉంది, దానికి చుట్టమైనదే మన జొన్నలో పూతకాలాన్ని నడిపిస్తుంది. మెక్సికోలో బోర్లాగ్ ఏడాదికి రెండు పంటలు, ఉత్తరాన ఒకటి, దక్షిణాన కొండల మీద ఒకటి పండించి ఏరిన గోధుమల్లో ఈ పట్టింపు సడలిపోయింది. అందుకే 1960ల్లో మన దేశానికొచ్చినా అవి ఇబ్బంది పడలేదు.

ఇక మన సీమ సంగతి. ఇక్కడ జూన్‌లో పగలు పదమూడు గంటలకు కాస్త తక్కువ, డిసెంబరులో పదకొండుంబావు. తేడా అంతే, కానీ అది ఏ ఏడూ తప్పదు. వాన తప్పుతుంది. నాటు కంది తప్పనిదాన్ని నమ్ముకుంది. నన్నడిగితే తెలివైన పనే, కానీ ఊరికే రాలేదు. అది పూసి కాసే నాటికి ఎర్రనేలలో పదును ఆరిపోతుంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన కేంద్రంలో రాత్రిని అంతగా పట్టించుకోని, వంద రోజుల లోపే కోతకొచ్చే కందులు తీసింది ఇందుకే.

నమ్మకం లేకపోతే మీరే చూడండి. వచ్చే ముంగారులో నాటు కంది గింజలు రెండు కుండీల్లో వేయండి. ఒకదాన్ని రాత్రంతా వెలిగే బల్బు కింద పెట్టండి, రెండోదాన్ని రాత్రిపూట మాత్రం చీకట్లో ఉంచండి; పగలు రెండింటికీ ఎండ తగలాలి. ఏది ముందు పూసిందో తేదీతో సహా నోటుపుస్తకంలో రాసి నాకు చూపించండి.