అప్పుతో ఎక్కే విమానం

గల్ఫ్‌లోని ఆరు దేశాల్లో కలిపి సుమారు 90 లక్షల మంది భారతీయులు ఉంటున్నారు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పల్లెల నుంచి దుబాయి, సౌదీ, ఖతార్‌లకు కూలిపనికీ డ్రైవింగుకూ వెళ్ళినవాళ్ళు, కడప, అన్నమయ్య, కోనసీమ జిల్లాల నుంచి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు వీరిలో ఉన్నారు. ఎవరి శవపేటికో శంషాబాద్‌లో దిగినప్పుడు, జీతాలందక లేబర్ క్యాంపులో చిక్కుకున్నామంటూ ఎవరిదో వీడియో ఫోన్లలో తిరిగినప్పుడు మనం కఫీల్ (వీసా ఇచ్చే యజమాని) కఠినత్వం గురించీ ఎడారి ఎండల గురించీ మాట్లాడుకుంటాం. ఆ రెండూ నిజమే. కానీ కార్మికుడి చేతులకు మొదటి కట్టు పడేది ఇక్కడే, వీసా కోసం చేసిన అప్పుతోనే. ఉద్యోగం కోసం కార్మికుడే డబ్బు కట్టే పద్ధతి పోనంతవరకు అక్కడ ఎన్ని చట్టాలు మారినా అతని బతుకు పెద్దగా మారదు.

1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశాలకు మనుషులను పంపాలంటే ఏజెంటు కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదై ఉండాలి. అతను కార్మికుడి దగ్గర తీసుకోగలిగింది 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, మొత్తం 35,400. అందుకు రశీదు ఇవ్వాలి. ఊళ్ళలో జరిగేది వేరు. నమోదైన ఏజెంటుకూ పల్లెకూ మధ్య ఏ లైసెన్సూ లేని సబ్ ఏజెంట్లు ఉంటారు. అవతలి వైపు వీసాలను సరుకుగా అమ్ముకునే కఫీళ్ళు, దళారులు ఉంటారు. ఒక్కో చేయి మారేకొద్దీ వీసా ధర పెరిగి, చివరికి అందరి లాభాన్నీ అందరికంటే పేదవాడు కడతాడు. రశీదు ఉండదు కాబట్టి మోసపోయినా ఫిర్యాదు నిలబడదు. మూడు వేలకు పైగా అక్రమ ఏజెంట్ల పేర్లను విదేశాంగ శాఖ ప్రకటించినా ఈ వ్యాపారం ఆగలేదు.

ఈ అప్పు ఎంత బరువో ఒక లెక్క వేసి చూద్దాం. ఒక కార్మికుడు లక్షన్నర రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి వెళ్ళాడనుకుందాం. ఖతార్‌లో చట్టం చెప్పే కనీస వేతనం నెలకు 1,000 రియాళ్ళు, అంటే 23 వేల రూపాయలకు పైనే. తన ఖర్చులు పోను 15 వేలు ఇంటికి పంపితే, అందులో 8 వేలు ఇల్లు గడవడానికి పోతే, అప్పుకు మిగిలేది 7 వేలు. మొదటి నెల వడ్డీకే 4,500 కట్టాలి. ప్రతి నెలా వడ్డీ పోను మిగిలింది అసలుకు జమ వేసుకుంటూ పోతే అప్పు తీరడానికి దాదాపు 35 నెలలు పడుతుంది. గల్ఫ్ ఒప్పందం సాధారణంగా రెండేళ్ళే. అంటే ఒప్పందం పూర్తయ్యేసరికి కూడా అతను బాకీదారే. చట్టం చెప్పిన 35,400 మాత్రమే తెచ్చి ఉంటే అదే లెక్కన ఆరు నెలల్లోపు బయటపడేవాడు. కంపెనీయే ఖర్చు పెట్టుకుని ఉంటే మొదటి నెల జీతం నుంచే కుటుంబానికి వెనకేసేవాడు.

గల్ఫ్ చట్టాలు మారలేదని అనలేం. ఖతార్ 2020లో పాత యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారే హక్కు ఇచ్చింది. సౌదీ 2021 మార్చి నుంచి కొన్ని షరతులతో అలాంటి వెసులుబాటే తెచ్చింది. వేసవి మధ్యాహ్నాల్లో ఆరుబయట పనిని ఈ దేశాలు నిషేధించాయి, జీతాలు బ్యాంకు ద్వారానే చెల్లించాలన్నాయి. కానీ హక్కు వాడుకోవాలంటే ఒకటి రెండు నెలలు జీతం లేకుండా నిలదొక్కుకునే ఓపిక కావాలి. నెల తిరిగేసరికి ఇంటి ముందు వడ్డీ వ్యాపారి నిలబడతాడని తెలిసినవాడికి ఆ ఓపిక ఎక్కడిది? ఓవర్‌టైం ఎగ్గొట్టినా, ఒకే గదిలో పది మందిని కుక్కినా, ఎండలో పని చేయించినా అతను నోరు విప్పడు. ఉద్యోగం పోయి, అవుట్‌పాస్ (తిరుగు ప్రయాణపు తాత్కాలిక పత్రం) తీసుకుని అప్పుతో ఇల్లు చేరడం అతనికి అన్నిటికంటే పెద్ద భయం. చట్టం ఇచ్చిన స్వేచ్ఛను అప్పు వెనక్కి లాక్కుంటుంది.

అప్పే మరిన్ని తప్పటడుగులు వేయిస్తుంది. త్వరగా సంపాదించాలని కొందరు ఆజాద్ వీసా కొంటారు. కాగితం మీద ఒక కఫీల్ ఉంటాడు, పని మరెక్కడో చేస్తారు. అక్కడి చట్టం ప్రకారం అది నేరం. ఇంకొందరు కంపెనీ వదిలి పారిపోయి ఖల్లివెల్లి అవుతారు. అకామా (నివాస అనుమతి) చెల్లక, ఆసుపత్రికి వెళ్ళడానికీ భయపడుతూ, ఎప్పుడో ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ప్రకటిస్తేనే బయటికి వస్తారు. విజిట్ వీసా మీద వెళ్ళి పనిలో చేరేవాళ్ళ వివరాలు ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వ్యవస్థలో ఉండవు, ఒప్పందమూ నమోదు కాదు. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 10 లక్షలిచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన వాళ్ళకు వర్తించదు.

ఖర్చంతా కంపెనీల మీద వేస్తే అవి నేపాల్‌కో బంగ్లాదేశ్‌కో పోతాయని, మనవాళ్ళకు ఉన్న ఉపాధీ పోతుందని ఒక వాదన ఉంది. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్ ఉద్యోగాలకు నిర్దేశించిన కనీస వేతనాలను తగ్గించింది కూడా ఇలాంటి భయంతోనే. తెలంగాణ హైకోర్టులో ఆ నిర్ణయాన్ని సవాలు చేశారు, 2021లో కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. ఫిలిప్పీన్స్ అనుభవం కూడా చూడాలి. ఇంటిపనికి వెళ్ళే తమ మహిళలకు నెలకు 400 డాలర్ల కనీస జీతం ఉండాలని, వాళ్ళ దగ్గర నియామక రుసుము తీసుకోకూడదని ఆ దేశం 2006లో నియమం పెట్టింది. మొదట్లో వెళ్ళేవారి సంఖ్య తగ్గినా కొన్నేళ్ళకే మళ్ళీ పుంజుకుంది. ఆ నియమానికి గండి కొట్టేవాళ్ళు అక్కడా ఉన్నారు, కానీ గిరాకీ మాత్రం చావలేదు. పైగా విజన్ 2030 నిర్మాణాలు, 2034 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ సౌదీ ముందున్నాయి. పనివాళ్ళు కావలసినవాళ్ళతో గట్టిగా బేరమాడాల్సిన సమయం ఇదే.

రెండో అభ్యంతరం కువైట్ నుంచి వస్తుంది. అక్కడ ఇంటిపని మనిషి కోసం యజమానే ఏజెన్సీకి డబ్బు కడతాడు. ఆ డబ్బు రాబట్టుకోవాలన్న పంతంతోనే పాస్‌పోర్టు దాచేసి, మధ్యలో ఇంటికి పంపనంటాడు. కాబట్టి యజమాని చేత కట్టిస్తే చాలదు. కట్టిన డబ్బుకు పూచీ ఏజెన్సీది కావాలి తప్ప ఆ మహిళది కాకూడదు. కువైట్ 2015లో చేసిన ఇంటిపనివారి చట్టం పాస్‌పోర్టు పట్టుకోవడాన్ని నిషేధించింది, వారానికి ఒక సెలవు ఇవ్వాలంది. దాన్ని అమలు చేయించేలా మన రాయబార కార్యాలయం ఒత్తిడి తేవాలి, తలదాచుకోవడానికి వచ్చిన మహిళల కేసుల్లో కడదాకా నిలబడాలి.

మనుషులు ఇష్టపడే కడుతున్నారు కదా అని కూడా అంటారు. వేరే దారి కనిపించనప్పుడు చేసిన పనిని ఇష్టం అనలేం. దారులు మాత్రం ఉన్నాయి. తెలంగాణలో ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉపాధి సంస్థ విదేశీ ఉద్యోగాలకు నియామకాలు చేస్తున్నాయి. భాష, వృత్తి నైపుణ్యం నేర్చినవారికి జపాన్‌తో 2021లో, జర్మనీతో 2022లో కుదిరిన ఒప్పందాల వల్ల కొత్త అవకాశాలు వచ్చాయి. ఈ సంస్థలు జిల్లా కేంద్రాల దాకా రాకపోతే ఆ చోటును దళారులే నింపుతారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా వెళ్ళి సైబర్ మోసాల ముఠాలకు చిక్కిన విశాఖ యువకుల ఉదంతం 2024లో బయటపడింది. చదువుకున్నవాళ్ళకూ ఏజెంటు ఉచ్చు తప్పడం లేదు.

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షలివ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. మంచిదే, కానీ పోయాక ఇచ్చే సాయం కంటే పోకుండా కాపాడే ఏర్పాటు ముఖ్యం. 1983 చట్టం స్థానంలో కొత్త చట్టం కోసం 2019 నుంచి ముసాయిదాలు తయారవుతూనే ఉన్నాయి. కార్మికుడి దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదన్న నియమం, సబ్ ఏజెంటు చేసిన మోసానికి అసలు ఏజెంటే బాధ్యుడన్న నియమం అందులో ఉండి తీరాలి. అవి వచ్చేదాకా, గల్ఫ్ ప్రయాణం పెట్టుకున్న ప్రతి ఇంటికీ ఒక మాట: ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడకుండా, ఒప్పందం చదివించుకోకుండా, రశీదు చేతికి రాకుండా డబ్బు ఇవ్వకండి. విజిట్ వీసా మీద పనికి పంపుతానన్న మనిషిని గడప దాటనివ్వకండి.