పుట్టినరోజు పంక్తి

"సాయంకాలము నాలుగు గంటల నుండి ఆరు గంటల వరకు. కేకు, తినుబండారములు మాత్రమే." పట్టణములలో పిల్లల పుట్టినరోజు పిలుపులలో ఇట్టి వాక్యము నేడు అక్కడక్కడ కనిపించుచున్నది. ఆ "మాత్రమే" అను మాటను చేర్చుటకు ఆ యింటి తల్లి ఎన్నిమారులు వెనుకాడినదో ఆమెకే తెలియవలెను. వ్రాసినచో లోభి యందురేమో. వ్రాయకున్నచో పిలిచిన ఇరువదిమంది పిల్లలతోపాటు వారి తల్లిదండ్రులు, తమ్ముళ్ళు, చెల్లెండ్రు రాత్రి భోజనమునకు సిద్ధపడి వత్తురేమో. ఇంటిలో ఉన్నవి రెండు గదులు, ఒక వసారా.

పిల్లల పుట్టినరోజుకు పిలిచినవారు భోజనము పెట్టవలెనా అను ప్రశ్న తెలుగు ఇండ్లకు క్రొత్తది. పూర్వము అందరును పెట్టెడివారనుట సరికాదు. అసలు ఆనాటి పండుగ స్వరూపమే వేరు. అది తిథిని బట్టియో నక్షత్రమును బట్టియో వచ్చెడిది. తెల్లవారకమునుపే తలకు నూనె అంటి, సున్నిపిండితో నలుగుపెట్టి, తలంటు పోసి, పసుపు తాకించిన క్రొత్త బట్టలు తొడిగి, పీటమీద కూర్చుండబెట్టి హారతి యిచ్చెడివారు. పెద్దలు అక్షతలు వేసి దీవించెడివారు. శాస్త్రము పాటించు ఇండ్లలో మార్కండేయుని, చిరంజీవులను తలచుకొని, నువ్వులును బెల్లమును కలిపిన పాలు బిడ్డచేత త్రాగించెడివారు. మధ్యాహ్నము ఇంటివారికి పాయసముతో భోజనము. సాయంకాలము ఇరుగుపొరుగు ముత్తైదువలకు పేరంటము. నానబెట్టిన సెనగలు, అరటిపండు, తాంబూలము. పిల్లలను ప్రత్యేకించి ఎవరును పిలువలేదు. తల్లి కొంగు పట్టుకొని వచ్చినవారి చేతిలో గుప్పెడు సెనగలు పడెడివి. వారు అవి తినుచు వీధిలోనికి పరుగెత్తెడివారు.

అన్ని ఇండ్లలోను ఇదియైనను లేదు. పుట్టిన తేదీ తెలియని పిల్లలు ఊరూరను ఉండెడివారు. "వరద వచ్చిన యేడు పుట్టినాడు", "కందులు కోసేటప్పుడు పుట్టింది" అనియే తల్లులు చెప్పెడివారు. బడిలో చేర్చుకొన్ననాడు పంతులుగారు వ్రాసిన తేదీయే జీవితాంతము నిలిచిపోయిన పెద్దలు నేటికిని ఎందరో కలరు. ఆ తరమువారిలో పెక్కురు జూన్, జూలై నెలలలోనే పుట్టినట్లు కాగితములు చెప్పుట అందువలననే. వారి బాల్యమున పుట్టినరోజు విందు అను మాటయే లేదు.

పుట్టినరోజునాడు ఇచ్చువారెవరు, పుచ్చుకొనువారెవరు అన్నది ఈ వ్యవహారములోని అసలు చిక్కు. మొగలు చక్రవర్తులు సౌరమానము ననుసరించి ఒకమారు, చాంద్రమానము ననుసరించి ఒకమారు జన్మదినము జరుపుకొని, బంగారము, వెండి, ధాన్యము మొదలగువానితో తమ్ము తాము తూచుకొని, ఆ ద్రవ్యమును పంచిపెట్టించెడివారు. 1617లో జహంగీరు తులాభారమును ఇంగ్లీషు రాయబారి సర్ తామస్ రో చూచి వ్రాసియుంచెను. ఆస్థానమువారు కానుకలు తెచ్చిన మాటయు నిజమే. అయినను ఆ దినమున పెద్దచేయి పుట్టినవానిదే. పేరంటపు సెనగలకును ఆ తులాభారమునకును పరిమాణములో ఎంత తేడా యున్నను, దారి ఒక్కటే. పండుగ ఎవరి ఇంటిదో, పెట్టుట ఆ యింటివంతు.

కేకుతో వచ్చిన పండుగ వేరొక మార్గమున వచ్చినది. కొవ్వొత్తులు వెలిగించిన కేకును పిల్లల యెదుట నిలుపు ఆచారము పదునెనిమిదవ శతాబ్దపు జర్మనీలో కానవచ్చుచున్నది. నేడు అందరును పాడెడి పాట బాణీ, అమెరికాలోని కెంటకీ రాష్ట్రమునకు చెందిన ఇద్దరు అక్కచెల్లెండ్రు 1893లో అచ్చువేయించిన బడిపిల్లల పాటది. వీనిని తెలుగువారు స్వీకరించుటలో తప్పేమియు లేదు. అయితే పేరంటములో ఇంటి యిల్లాలు పిలిచెడిది, బిడ్డ దీవెన పుచ్చుకొనెడివాడు. కేకు పండుగలో ఆరేండ్ల బిడ్డయే తన పేరున తన తోటివారిని పిలుచుచున్నాడు. ఆహ్వానముపైన వాని ఫోటోయే యున్నది. ఆ విధముగా పిల్లవాడు ఆతిథేయుడైనాడు. వాని పిలుపున వచ్చిన పిల్లలు తమ తల్లికొంగు పట్టుకొని వచ్చినవారు కారు. గుమ్మము దాటినప్పటి నుండి వారి ఆకలిదప్పులు పిలిచిన యింటివి.

ఇక పెట్టవలసినదేమి అన్నచో, అది గడియారమును బట్టి యుండును. నాలుగు గంటలకు పిలిచి ఆరు గంటలకు పంపివేయువారు కేకు ముక్కతో రెండు ఇడ్లీలో, గుప్పెడు కారప్పూసయో, ఒక పండో పెట్టినచో వారిని ఎవరును తప్పుపట్టజాలరు. ఆ సంగతి ముందుగా వ్రాసిన తల్లి లోభి కాదు. ఆమె మాట ఇచ్చి నిలుపుకొన్నది. పిలువబడిన తల్లికి తన బిడ్డకు ఇంటివద్ద అన్నము వండి యుంచవలెనని తెలిసినది. చిక్కంతయు ఆరు గంటలకు రమ్మనెడివారితో వచ్చుచున్నది. పిల్లలు ఆరు గంటలకే వత్తురు. తండ్రి ఆఫీసు నుండి రావలెను, మేనమామ దారిలో చిక్కుకొన్నాడు, ఫోటోలు తీయువాడు దీపములు సరిచేయుచున్నాడు. ఏడు దాటును, ఎనిమిది దాటును. బల్లమీద కేకు ఉండును గాని ముట్టరాదు. బెలూనుల కొరకు మొదలైన పోట్లాట ఆకలి ఏడుపుగా మారును. ఎనిమిదిన్నరకు కేకు కోసి, ఒక్కొక్క కాగితపు పళ్ళెములో వ్రేలెడు ముక్కయు, నాలుగు బంగాళాదుంప చిప్సును పెట్టి, రిటర్న్ గిఫ్ట్ చేతికిచ్చి పంపివేయుదురు. ఆ బిడ్డ ఇల్లు చేరి, చెప్పులైనను విడువక, "అమ్మా, అన్నం పెట్టు" అనును. పొయ్యి ఆర్పి కూర్చున్న తల్లి నోటివెంట వెలువడు మాట ఆ రాత్రి పిలిచిన యింటికి వినబడదు. వినబడిన బాగుండును.

రిటర్న్ గిఫ్ట్ అను వింత యేమనగా, ఒక్కొక్క సంచికి పెట్టు ఖర్చుతో ఆ పిల్లవానికి కడుపునిండ పులిహోర, పెరుగన్నము పెట్టవచ్చును. పెక్కు ఇండ్లలో ఆ సంచిలోని బొమ్మ మరునాటి మధ్యాహ్నమునకే విరిగిపోవును.

భోజనము వలదనువారి వాదములోను బలము లేకపోలేదు. కేటరింగువారు పళ్ళెము లెక్కన ధర చెప్పుదురు. ఇరువదిమందిని పిలిచి ముప్పదిమందికి చెప్పినను, ఏబదిమంది రావచ్చును, పదిమందియే రావచ్చును. మిగిలినదానిని ఏమిచేయుటకును తోచదు. ఒక బిడ్డ శాకాహారి, ఒకడు కోడిగ్రుడ్డు కలిసిన కేకు తినడు, ఒకతెకు వేరుసెనగ పడదు. పడనిది తిన్నచో దద్దుర్లతో పోవువారు కొందరు, ఊపిరాడక ఆస్పత్రికి చేరువారు కొందరు. ఎవరి బిడ్డకు ఏది పడదో పిలుచునపుడే అడుగుట మేలు. ఇంకను చిన్నపిల్లలుండిన చోట పల్లీలు, గట్టి చాక్లెట్లు బల్లమీద ఉంచుటయే ప్రమాదము. ఇవన్నియు జాగ్రత్తలకు కారణములు. పస్తు పంపుటకు మాత్రము కారణములు కావు.

అమెరికాలోని తెలుగు కుటుంబములలో ఈ చిక్కును రెండు ముక్కలు చేసి తీర్చుకొనువారు కలరు. బడి స్నేహితులకు ఒకనాటి మధ్యాహ్నము రెండు గంటలు, పిజ్జా, కేకు. తెలుగు కుటుంబములకు వేరొక సాయంకాలము వండిన విందు. ఆదియు అంతమును పిలుపులోనే తెలియుటచేత ఎవరును నొచ్చుకొనరు. రెండుమారులు ఖర్చుచేయగలవారికి ఇది బాగుగానే యున్నది.

బడులలో సంగతి వేరు. పుట్టినరోజు బిడ్డ రంగుబట్టలు వేసికొని తరగతికంతకు చాక్లెట్లు పంచుట చిరకాలపు వాడుక. 2020లో దేశపు ఆహార భద్రతా సంస్థ చేసిన నిబంధనల ప్రకారము, కొవ్వు, ఉప్పు, చక్కెర అధికముగా గల పదార్థములను బడి ఆవరణలోగాని, గేటునుండి 50 మీటర్లలోపల గాని అమ్మరాదు. 2025లో కేంద్ర మాధ్యమిక విద్యామండలి తన బడులలో చక్కెర వలన కలుగు హానిని తెలుపు పలకలు పెట్టుమన్నది. అంగడివానిని 50 మీటర్లు వెనుకకు నెట్టిన చక్కెర, పుట్టినరోజు బిడ్డ సంచిలో కూర్చుండి తరగతిగదిలోనికి వచ్చుచున్నది. కొన్ని బడులు చాక్లెట్లకు మారుగా గ్రంథాలయమునకొక పుస్తకము నిమ్మని కోరుచున్నవి. ఇవ్వలేని యింటి బిడ్డ మాట అందులోను ఉన్నది. అయినను పుస్తకము ఎవరిచ్చినదో రెండవనాటికి ఎవరును తలపరు. చాక్లెటు ఎవరు ఖరీదైనది పంచినారో యేడాదంతయు తలతురు.

గుజరాతులో ఆరంభమై, నేడు దేశమంతట మధ్యాహ్న భోజన పథకములో చోటుచేసికొన్న తిథి భోజనము ఇంతకంటె మంచి పద్ధతి. పుట్టినరోజో పెండ్లిరోజో వచ్చినవారు ఆనాడు బడిపిల్లలందరికి పూర్తి భోజనము గాని, ఒక మిఠాయియో పండో అదనముగా గాని పెట్టవచ్చును. పిల్లలు రోజువలెనే తమ వరుసలో కూర్చుందురు. ఎవరును ఎవరింటికిని పోనక్కరలేదు. ఆంధ్రప్రదేశములో బడి భోజనమునకు 2024లో డొక్కా సీతమ్మ పేరు పెట్టినారు. 1841లో పుట్టి 1909లో మరణించిన ఆ తల్లి, గోదావరి పాయల నడుమ లంకల గన్నవరములో వేళగాని వేళ వచ్చినవారికిని వండిపెట్టినది. ఆమెకు వచ్చినవారందరును పిలువనివారే. పిలిచినవారికి పెట్టవలెనా యని తర్కించుకొను కాలమున బడిపళ్ళెముపై ఆమె పేరుండుట మంచిదే.

తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానమునకు బిడ్డ పుట్టినరోజున సొమ్ము కట్టు తెలుగువారు ఎందరో కలరు. పుట్టినరోజునకును అన్నమునకును గల బంధము తెగలేదనుటకు ఇది సాక్ష్యము. ఆ సొమ్ము కట్టిన యింటిలోనే, అదే సాయంకాలము, పిలిచిన పిల్లలు ఎనిమిదిన్నర వరకు పస్తుండుట కూడ కలదు.

అనాథశరణాలయములలో జరుపు పుట్టినరోజులు మరియొక తెగ. సంపన్నులైన తల్లిదండ్రులు బిడ్డను అచటికి తీసికొనిపోయి కేకు కోయింతురు. శరణాలయపు పిల్లలు వరుసలలో నిలిచి చప్పట్లు కొట్టుదురు, పాట పాడుదురు, పిదప భోజనమునకు కూర్చుందురు. ఉద్దేశము మంచిదే, ఆనాటి కూర రోజూ దొరకునది కాదన్నది నిజమే. కాని ఆ చప్పట్లు కొట్టు చేతులలో తమ పుట్టినరోజు ఏదో తెలియని పిల్లల చేతులుండును. వారి యెదుట మరియొక బిడ్డ కొవ్వొత్తులు ఆర్పి, తొలిముక్క తన తల్లి నోటికి అందించును. అన్నము మాత్రము పంపి, కేకును ఇంటనే కోసికొన్నచో ఆ పిల్లలకు లోటేమి?

పిలువబడిన యింటి కష్టమును ఎవరును లెక్కలోనికి తీసికొనరు. నెలకు మూడు పిలుపులు వచ్చినవనుకొందము. చిన్న జీతగానికి మూడు కానుకలు కొనుట బరువు. పోయినవారికి తిరిగి పిలువవలెను. పిలిచినచో వారు పెట్టినట్లే పెట్టవలెను. అందుచేత "బాబుకు జ్వరం" అని కబురు పంపు తల్లులు కలరు. బాబు జ్వరము లేకుండనే కిటికీవద్ద కూర్చుండి ఎదుటి మేడమీది బెలూనులను చూచుచుండును. పదిమందికి పిజ్జాలు తెప్పించిన ఇల్లు, తెలియకయే, పదకొండవ యింటిని పండుగకు దూరము చేసినది. ఇంటిలో వండిన పులిహోర, పెరుగన్నము, ఒక పాయసము పెట్టినవారు ఎదుటివారిపై అట్టి ఋణము మోపరు. అవి తిరిగి పెట్టుట ఏ యింటికైనను సాధ్యమే. "కానుకలు తేవద్దు" అని పిలుపులోనే వ్రాసి, తెచ్చినవి నిజముగా పుచ్చుకొనని ఇండ్లును కొన్ని కలవు. వానికి ఎంత కృతజ్ఞత చెప్పినను చాలదు.

పిల్లలకు బఫే పెట్టుట యెవరి ఆలోచనయో! బల్ల వారి గడ్డము దాక వచ్చును. గరిట వారి చేతికంటె బరువు. పెద్దలు తోసికొని పళ్ళెములు నింపుకొనునప్పటికి, పిల్లవాడు దొరికిన గులాబ్‌జామును నోట వేసికొని ఆడుకొనపోవును. అన్నము దండిగా వండినను బిడ్డ పస్తుండుట ఈ విధముగా సంభవించును. పంక్తిలో వడ్డించువారు వంగి బిడ్డ ముఖము చూచి అడుగుదురు. ఏది తిన్నాడో, ఏది ప్రక్కకు నెట్టినాడో, మారు అడుగుటకు ఎవడు సిగ్గుపడుచున్నాడో వారి కంటబడును. పెట్టుట యనగా అదియే. ఖర్చు దానిలో చాల కొంచెము.

ఇట్టి పని తెలిసిన మామ్మలు ఇప్పటికిని కొన్ని ఇండ్లలో కలరు. ఏడు గంటలు కాగానే కేకు మాట అట్లుండనిచ్చి, హాలులో బొంతలు జరిపి, నేలమీద పాత పత్రికలు పరచి, పిల్లలను రెండు వరుసలుగా కూర్చుండబెట్టుదురు. కొడుకు, "కేకు కొయ్యందే ఎలాగమ్మా, ఇంకా అందరూ రానేలేదు" అన్నచో, "వచ్చినవాళ్ళకు ఆకలి వేస్తోందిరా" అందురు. ఆ వేళకు మెట్లమీద కాపలావాని కూతురు నిలిచియుండును. పిలుపు లేదు గనుక గుమ్మము దాటదు, బెలూనులున్నవి గనుక మెట్టు దిగదు. గరిట చేతబట్టుకొని మామ్మ అటు చూచును. "అక్కడ నిలబడ్డావేమే? చెయ్యి కడుక్కుని రా. ఆ చివర చోటుంది."

పిల్లలు జరిగి కూర్చుందురు. పుట్టినరోజు బిడ్డ తన ప్రక్క పత్రికను సరిచేయును.