చెప్పులు విడుచుట – విప్పించుట

ఇంటిలోనికి వచ్చువారు పాదరక్షలను వెలుపల విడుచుట ప్రాచ్యుల ఆచారమనియు, వానితోడనే లోనికి వచ్చుట పాశ్చాత్యుల మర్యాద యనియు సామాన్యముగా చెప్పుచుందురు. ఈ విభాగము మిక్కిలి స్థూలము. స్వీడను, ఫిన్లాండు దేశస్థులును ఇంట బూట్లు విడుచువారే. విడుచువారిలోనైనను హేతువు ఒక్కటి కాదు. దానినే ఇచట పరిశీలింపబూనితిమి.

జపాను ఇంటి వాకిట 'గెన్కాన్' అను భాగము గలదు. ఇది తొలుత జెన్ బౌద్ధుల పరిభాష. గహనతత్త్వమునకు ద్వారమని యర్థము. పిదప ముఖద్వారమునకు పేరైనది. దీని నేల లోపలి నేలకంటె ఒక మెట్టు పల్లము. వచ్చినవాడు పల్లమున పాదరక్షలు విడిచి పైకెక్కును. వాని మొనలు వాకిలివైపునకు త్రిప్పి యుంచుట మర్యాద. కొయ్యనేలపై ఇంటి చెప్పులు తొడుగవచ్చును గాని, 'తతామి' చాపలు పరచిన గదిలో అవియు పనికిరావు. మరుగుదొడ్డికి వేరొక జత. పాదరక్షలతో లోనికి వచ్చుటను 'దొసొకు' అందురు. 'మట్టికాలు' అని అక్షరార్థము. కొయ్యతో చేసిన 'గెతా'లను సైతము వాకిటనే విడుతురు. అనగా అచట దోషము మట్టిది, తోలుది కాదు.

మన యిండ్లలో సరిహద్దు గడప. పసుపు పూసి కుంకుమబొట్లు పెట్టిన గడపవద్ద చెప్పులు విడిచినంతనే చాలదు, కాళ్లు కడుగుకొనవలెను. అతిథికి చెంబుతో నీళ్లిచ్చుట గృహస్థు విధి. అర్ఘ్యపాద్యములలోని పాద్యము ఇదియే. ఇచట మట్టితోపాటు తోలును మైలయే. యతులు మఠములలో కొయ్య పావుకోళ్లు ధరించుట దీనికి నిదర్శనము. చచ్చిన పశువు చర్మమునకు అంటగట్టిన యీ మైలను, చెప్పులు కుట్టినవానికిని అంటగట్టిరి. వాడు కుట్టిన చెప్పు అరుగు వరకు వచ్చును, వాడు రాకూడదు!

ఇంతవరకు విడుచుటను గూర్చి. ప్రేరణార్థకమైన 'విప్పించుట'లో కర్త వేరు, భావము వేరు. 1854లో గవర్నరు జనరలు డల్హౌసీ, ఐరోపా తరహా బూట్లు ధరించిన దేశీయ పెద్దమనుష్యులు బంగాళమున అధికారుల సమక్షమునకు వానితోడనే రావచ్చునని అనుమతించెను. దేశీయ పాదరక్షలకు ఆ మినహాయింపు లేదు. 1862లో సూరతు న్యాయస్థానమునకు పార్సీ జోళ్లతో వచ్చిన మాణిక్‌జీ కావస్‌జీ ఎంటీ ఈ భేదమునే ఎదిరించెను. బర్మాలో కథ తలక్రిందైనది. మాండలేలో మిండన్ రాజు ఎదుట బ్రిటిషు రెసిడెంటు బూట్లు విప్పి నేలపై కూర్చుండుచుండగా, 1875లో అది కూడదని భారత ప్రభుత్వము కట్టడచేసెను. పరులచే విప్పించినవారికి తాము విప్పుట అవమానముగా తోచినది.

అయినను దొరలనే తప్పుపట్టుట న్యాయము కాదు. మన పల్లెలు పెక్కింట దళితులు పైకులములవారి వీధులలో చెప్పులు చేతబట్టుకొని నడువవలసి వచ్చెడిది. అచట గడప లేదు, చాప లేదు. వీధి మట్టి అందరిదియు ఒక్కటే. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దుచేసిన పిమ్మటను ఇట్టి ఫిర్యాదులు వినవచ్చుచునే యున్నవి. కావున ఈ యాచారమును సేకరింప పల్లెలకు వెళ్లు పరిశోధక విద్యార్థులు, చెప్పులు ఎచట విడుతురని మాత్రమే గాక, ఎవరి యెదుట ఎవరు విప్పవలసి వచ్చెనో కూడ అడిగి వ్రాసికొనవలెనని కోరుచున్నాము.