తృణకంకణము కట్టిన ఇంట ఇంగ్లీషు కవి

కోసిగి స్టేషనులో దిగి ఊరిలోనికి నడచువాడు పావుమైలు పోకమునుపే మూడు భాషలు వినును. ఇంటిలో కన్నడము, బడిలో తెలుగు, బజారులో ఉర్దూ మాటాడు కుటుంబములు ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములయందు ఎన్నియో కలవు. మీ భాష యేదని అడిగినచో, ఎవరితో మాటాడునప్పటిదని తిరిగి మనలనే ప్రశ్నింతురు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలను బళ్లారి జిల్లానుండి విడదీసి ఇటు చేర్చిరి గాని, ఆ సరిహద్దు ఇండ్లలోని మాటలను విడదీయజాలదయ్యెను. ఇన్ని భాషల నడుమ ఇంగ్లీషునకు మాత్రము ఇక్కడ వంటింటిలో చోటు దొరకలేదు. అది రైలు టిక్కెట్టు మీదను, కోర్టు కాగితము మీదను, డాక్టరు మందుచీటీ మీదను కనబడు భాష. అట్టి భాషలో ఒక తెలుగువాడు తన సంసారమును, తన శరీరతాపమును, బల్లమీద నున్న నారింజపండ్లను గూర్చి కవిత్వము వ్రాసెననగా, మావంటివారికి కుతూహలము కలుగుట సహజము.

ఆయన శ్రీనివాస్ రాయప్రోల్. 1925లో సికిందరాబాదున జన్మించి 1998లో గతించెను. తండ్రి రాయప్రోలు సుబ్బారావుగారు తెలుగున నవ్యకవిత్వమునకు దారి తీసినవారు, ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యులు. విదేశమునకు పోయినవాడు సైతము స్వదేశమును మరువరాదని బోధించు ఆయన గీతమును తరతరముల బడిపిల్లలు కంఠస్థము చేసిరి. అట్టివారి కుమారుడు కాశీ హిందూ విశ్వవిద్యాలయమున చదివి, పిమ్మట సివిలు ఇంజనీరింగు కొరకు అమెరికాలోని స్టాన్‌ఫర్డునకు పోయి, తిరిగివచ్చి ప్రభుత్వ ఇంజనీరుగా జీవితము గడపెను. కవిత్వమును మాత్రము ఇంగ్లీషుననే వ్రాసెను. తండ్రి కీర్తికి వెరచి పరభాషను ఆశ్రయించెననుట సులభము. నాకది తృప్తికరముగా తోచదు. ఆ తండ్రికొడుకుల నడుమనున్న దూరము భాషకంటె లోతైనది.

సుబ్బారావుగారు ప్రతిపాదించినది అమలిన శృంగారము. ఆయన కావ్యమైన ‘తృణకంకణము’ నందలి నాయికానాయకులు ఒకరినొకరు వలచియు దంపతులు కాలేకపోయి, తుదకు ఆ వలపును దేహస్పర్శ సోకని స్నేహముగా మార్చుకొందురు. గడ్డిపోచ కంకణమే వారికి మంగళసూత్రమును మించిన బంధమగును. కుమారుని రెండవ కవితాసంపుటి 1972లో వెలువడెను. దాని పేరు ‘మ్యారీడ్ లవ్ అండ్ అదర్ పోయమ్స్’, అనగా పెండ్లియైన వారి ప్రేమ. తండ్రి కావ్యము ఎచ్చట పెండ్లి తప్పిపోవుటతో ఉదాత్తమగునో, కుమారుని కవిత్వము అచ్చట పెండ్లి జరిగిపోవుటతో మొదలగును. అందు కోరిక యుండును, కోరిక తీరినవాని విసుగుండును, ప్రక్కనే పండుకొన్న మనిషిని ఏండ్ల తరబడి ఎరుగకపోవుట యుండును. ఆదర్శము లేదని కొందరు నొచ్చుకొందురేమో గాని, ఆదర్శము నటింపకపోవుటయే ఈ కవి మర్యాదయని నా తలంపు. ఇట్టి మాటలను ఆ కాలపు తెలుగు పద్యములో, అందునను ఆ ఇంట, చెప్పుట ఎంత కష్టమో ఊహించినచో, ఇంగ్లీషు ఆయనకు వేషము కాక ఏకాంతమై యుండునని తోచును.

ఆ ఏకాంతములో ఆయనకు దొరికిన గురువు విలియం కార్లోస్ విలియమ్స్. ఈయన న్యూజెర్సీలోని రూథర్‌ఫర్డు పట్టణమున వైద్యుడు. రోగికి రోగికి నడుమ దొరికిన వ్యవధిలో కవితలు వ్రాసికొని, అమెరికను సామాన్యుల నోటి మాటను కవిత్వపు భాషగా చేసినవాడు. 1949లో స్టాన్‌ఫర్డు విద్యార్థిగా నుండి, ఇరువదినాలుగేండ్ల ఈ యువకుడు ఆయనతో ప్రారంభించిన ఉత్తరప్రత్యుత్తరములు 1958 వరకు సాగెను. చూచిన వస్తువును చూచినట్లు, తక్కువ మాటలలో, గంభీర భావములను పైకి తేక నిలుపు విద్యను శ్రీనివాస్ ఆ వృద్ధునివద్దనే అలవరచుకొనెననుటకు ‘ఆరెంజెస్ ఆన్ ఎ టేబుల్’ అను కవితయే సాక్షి. ఒకరు డాక్టరు, ఒకరు ఇంజనీరు. ఇరువురును జీతము వేరొక పనిలో సంపాదించినవారే. కవిత్వము కడుపు నింపవలసిన అవసరము లేనపుడు దానికి గొంతు పెంచవలసిన పనియు నుండదు కాబోలు!

1956లో, అనగా భాషలను బట్టి రాష్ట్రములను పంచుచున్న యేడాదిలోనే, శ్రీనివాస్ సికిందరాబాదునుండి ‘ఈస్ట్ అండ్ వెస్ట్’ అను ఇంగ్లీషు సాహిత్యపత్రికను ప్రారంభించెను. అది 1961 వరకు నడచెను. తొలి సంపుటి ‘బోన్స్ అండ్ డిస్టెన్సెస్’ 1968లో కలకత్తాలోని రైటర్స్ వర్క్‌షాపు ప్రచురణగా వచ్చెను. పి. లాల్ నడపిన ఆ సంస్థ తన పుస్తకములకు చేనేత చీరల గుడ్డతో అట్టలు కట్టించుట ప్రసిద్ధము. 1938లో మాచాని సోమప్పగారు నేతగాండ్ర సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరు వారికి, ఇంగ్లీషు కవిత్వములో మరేమియు రుచింపకున్నను, ఆ అట్టలు రుచించును.

ఆయన వ్రాసినదంతయు నిలుచునని నేననను. విలియమ్స్ పద్ధతి కొన్నిచోట్ల ఆయన చేతిలో పలుచబడి, చూచిన వస్తువే మిగిలి చూచినవాడు మాయమైపోవును. తన్ను తాను శంకించుకొనునపుడే, కవిగా తనకు గల పరిమితిని తానే కొలుచుకొనునపుడే, ఆయన వాక్యమునకు బిగువు వచ్చును. వ్రాసినదియు కొద్దియే, మూడవదైన ‘సెలెక్టెడ్ పోయమ్స్’ రెండవదాని తరువాత ఇరువదిమూడేండ్లకు, 1995లో వచ్చెను.

బ్రతికియున్నపుడు హైదరాబాదు దాటి అంతగా వినబడని ఈ పేరు మరణానంతరము సముద్రములు దాటెను. విలియమ్స్‌తో జరిగిన లేఖలను 2018లో న్యూమెక్సికో విశ్వవిద్యాలయ ముద్రణాలయము ప్రకటించెను. 2020లో ఇంగ్లండునందలి కార్కనెట్ సంస్థ ‘యాంగ్యులర్ డిజైర్’ అను పేర ఆయన కవితలను, వచనమును కలిపి వెలువరించెను. దానిని గ్రాజియానో క్రాట్లితో కలిసి కూర్చిన విద్యన్ రవీంత్రిరన్, లీడ్సు నగరమున శ్రీలంక తమిళ దంపతులకు జన్మించిన నేటి ఇంగ్లీషు కవి. ఈతడు సైతము తన భార్యను ఉద్దేశించి ఒక సంపుటినిండ సానెట్లు వ్రాసి 2019లో ప్రకటించెను. ఇంటివలపు కవికి ఇంటివలపు కవియే సంపాదకుడగుట నాకు ముచ్చటగొల్పినది.

హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఇంగ్లీషు శాఖ తోడ్పాటుతో ఆయన పేర నెలకొన్న ట్రస్టు, ఇంగ్లీషున కవిత్వము వ్రాయు భారతీయ యువకవులకు 2009లో బహుమానము నెలకొల్పెను. ఇరువది మొదలు నలువది యేండ్ల లోపువారు అందుకు అర్హులు. ఆదోని కళాశాలలలో చదువుచు, నోటుపుస్తకపు వెనుక పుటలలో ఇంగ్లీషు పంక్తులను దాచుకొను పిల్లలు ఈ కవిని ముందుగా చదువుదురు గాక. ఇంటిలో ఆడునది కన్నడమైనను, తెలుగైనను ఆయన అభ్యంతరము చెప్పడు.