అత్తయ్యతో ఓడెక్కాం: బ్రిక్‌ఫీల్డ్స్ నుంచి పోర్ట్ క్లాంగ్ దాకా

మలేషియాలో శరదృతువని వేరే ఏమీ ఉండదు. ఆకులు రాలవు, చలి మొదలవదు. బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉండే మాకు శరత్తు వచ్చిందని చెప్పేవి రెండే. ఒకటి, తున్ సంబంధన్ వీధి పొడుగునా దీపావళి దుకాణాలు వెలుస్తాయి. రెండు, సాయంత్రం అయ్యేసరికి ఉరుములతో వాన దిగుతుంది. అదే సమయంలో, అక్టోబరులో, మా పిల్లల స్కూలుకు వారం రోజులు సెలవు. ఇక్కడి తెలుగు ఇళ్లలో ఆ వారం కోసం ఈమధ్య తరచుగా వినిపిస్తున్న మాట: "క్రూయిజ్‌కి వెళ్దామా?"

ఓడ లోపల ఏముంటుందో చూపించే వీడియోలు కావలసినన్ని ఉన్నాయి. కానీ మన ఇంటి గుమ్మం నుంచి ఓడ మెట్ల దాకా ఎలా వెళ్లాలో, అందులోనూ ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లని వెంటబెట్టుకుని ఎలా వెళ్లాలో చెప్పేవాళ్లు తక్కువ. మేం ఐదుగురం వెళ్లాం: మావారు, నేను, తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు, శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అత్తయ్య. పోర్ట్ క్లాంగ్‌లో ఎక్కి, సింగపూర్ చూసి, మళ్లీ పోర్ట్ క్లాంగ్‌లో దిగే మూడు రాత్రుల ప్రయాణం.

ముందు అత్తయ్య ఒప్పుకోవాలి

టికెట్ల మాట ఎత్తగానే అత్తయ్య, "మీరెళ్లి రండమ్మా, నేను ఇంట్లో ఉంటాను. మా ఇంటికి ఓడలు అచ్చిరావు" అన్నారు. కళ్లు తిరుగుతాయనో, నీళ్లంటే భయమనో అనుకున్నాను. విషయం అది కాదు.

అత్తయ్య నాన్నగారికి ఒక అన్న ఉండేవారు. 1937లో, పంతొమ్మిదేళ్ల వయసులో, ఊళ్లోకి వచ్చిన కంగాణీ వెంట రైల్లో మద్రాసు వెళ్లి, అక్కడ మలయా ఓడ ఎక్కారు. నాలుగేళ్లు ఉత్తరాలు వచ్చాయి, రెండుసార్లు డబ్బు కూడా వచ్చింది. తర్వాత ఏమీ లేదు. "కొడుకు డబ్బు రుచి మరిగి తల్లిని మర్చిపోయాడు" అని ఊరంతా అన్నారట. ఆ తల్లి కూడా చివరిదాకా అదే నమ్మి పోయింది. అత్తయ్య పుట్టేనాటికి ఆ పెదనాన్న ఇంట్లో ఎవరూ పేరెత్తని మనిషి.

మా పై అంతస్తులో ఒక ఆంటీ ఉంటారు. పెరాక్ రాష్ట్రంలోని బాగన్ దతో కొబ్బరి తోటల్లో పెరిగిన తెలుగావిడ. వాళ్ల తాతగారు కూడా అలా ఓడలో వచ్చినవారే. ఒక సాయంత్రం టీకి పిలిచి అత్తయ్య చేత ఈ కథ చెప్పించాను. ఆంటీ అంతా విని, "ఉత్తరాలు ఏ సంవత్సరం ఆగాయమ్మా?" అని అడిగారు. 1941 చివర అని అత్తయ్య చెప్పారు.

"అయితే ఆయన మర్చిపోలేదు. ఉత్తరం వచ్చే దారి మూసుకుపోయింది" అన్నారు ఆంటీ.

1941 డిసెంబరు 8న జపాన్ సైన్యం ఉత్తర మలయాలోని కోటా బారు దగ్గర దిగింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ కూడా లొంగిపోయింది. 1945 సెప్టెంబరు దాకా ఈ దేశం జపాన్ చేతిలోనే ఉంది. ఇండియాకు ఓడలు లేవు, మామూలు టపా లేదు. తోటల్లోని కూలీలను వేలకు వేలు పట్టుకెళ్లి సయాం-బర్మా రైలుమార్గం పనిలో పెట్టారు. 415 కిలోమీటర్ల ఆ దారిలో కలరాకీ, మలేరియాకీ, ఆకలికీ పోయినవాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు.

పెదనాన్న ఏమయ్యారో ఆంటీకీ తెలియదు, మాకూ తెలియదు. కానీ ఆ రాత్రి అత్తయ్య చాలాసేపు పడుకోలేదు. పొద్దున్న కాఫీ తాగుతూ, "ఈ మాట మా నాన్నమ్మకి ఎవరైనా చెప్పుంటే బాగుండేది" అన్నారు. కాసేపాగి, "టికెట్టు నాక్కూడా తీసుకోండి" అన్నారు.

కాగితాలు: ఓడ ఎక్కితే దేశం దాటినట్టే

క్రూయిజ్ అనగానే రిసార్టుకు వెళ్తున్నట్టు అనుకుంటాం. ఇమిగ్రేషన్ లెక్కలో మాత్రం అది విదేశీ ప్రయాణమే. ఓడ ఎక్కేటప్పుడు మలేషియా నుంచి బయటికి వెళ్లినట్టు, దిగేటప్పుడు కొత్తగా లోపలికి వచ్చినట్టు.

2023 డిసెంబరు 1 నుంచి భారతీయులు 30 రోజుల వరకు వీసా లేకుండా మలేషియా రావచ్చు. అత్తయ్య అలాగే వచ్చారు. సింగపూర్‌కి ఆ వెసులుబాటు లేదు, భారత పాస్‌పోర్టుకు వీసా తప్పనిసరి. మాకు టికెట్లు చేసిన ఏజెంటు "ఓడలో వెళ్తే అక్కర్లేదు మేడమ్" అని తేలిగ్గా చెప్పేశారు. నాకు నమ్మకం కుదరక ఓడ కంపెనీకే రాసి అడిగాను. ప్రయాణికులందరికీ వీసా ఉండాలి, లేకపోతే ఎక్కనివ్వం అని జవాబు వచ్చింది. అప్పటికి పది రోజులే ఉంది. ఫొటోలు తీయించి, ఫారాలు నింపి, నాలుగు రోజుల్లో తెప్పించుకున్నాం. ఆ మెయిల్ రాసి ఉండకపోతే ఓడ మెట్ల దగ్గర అత్తయ్యని వెనక్కి పంపేవారు.

అత్తయ్య తిరిగి వచ్చేటప్పుడు మలేషియా డిజిటల్ అరైవల్ కార్డు మళ్లీ నింపాలి. అది రాకకు ముందు మూడు రోజుల్లోపే చేయాలి. అంటే మొదటి రాకకు నింపినది ఇప్పుడు పనికిరాదు. ఓడ బయల్దేరాక ఫోనుకు సిగ్నల్ ఉండదు కాబట్టి తేదీ లెక్క చూసుకుని, వీలైతే ఒడ్డున ఉండగానే నింపేయండి. సింగపూర్‌కి వేరే అరైవల్ కార్డు ఉంది, దానికీ మూడు రోజుల లెక్కే. పెద్దవాళ్లు ఇండియాకి వెళ్లే విమానం టికెట్టు ప్రింటు తీసి వాళ్ల చేతి సంచిలోనే పెట్టండి. అడిగితే చూపించాలి.

రైలు వెళ్లే పోర్టు వేరు, ఓడ ఆగే చోటు వేరు

బ్రిక్‌ఫీల్డ్స్‌లో ఉన్నవాళ్లకి కేఎల్ సెంట్రల్ స్టేషన్ నడిచి వెళ్లేంత దూరం. అక్కడి కొమ్యూటర్ రైలు పటంలో ఒక లైను చివరన "పెలబుహాన్ క్లాంగ్" అని కనిపిస్తుంది. పెలబుహాన్ అంటే రేవు. చూడగానే పని అయిపోయిందనిపిస్తుంది. కానీ ఆ స్టేషన్ దగ్గర ఉన్నది పాత రేవు, పులావ్ కెటామ్ దీవికి పడవలు వెళ్లే చోటు. పెద్ద క్రూయిజ్ ఓడలు ఆగేది పులావ్ ఇందా దీవి మీద, కంటైనర్ల రేవు పక్కన. అక్కడికి రైలు లేదు, వంతెన మీదుగా కారులోనే వెళ్లాలి. బ్రిక్‌ఫీల్డ్స్ నుంచి గంట, ట్రాఫిక్ ఉంటే గంటన్నర. దారంతా కంటైనర్ లారీలు, పైగా మధ్యాహ్నం దాటితే వాన. ఐదుగురికి, పెట్టెలకి సరిపోయేలా ఆరు సీట్ల కారు ముందు రోజే మాట్లాడుకున్నాం.

ఆ పాత రైలు దారికీ మన పేటకీ మాత్రం గట్టి చుట్టరికం ఉంది. 1881లో అగ్ని ప్రమాదం, వరద కౌలాలంపూర్‌ని తుడిచిపెట్టాక, ఇకపై ఇళ్లు ఇటుకలతోనే కట్టాలని అప్పటి బ్రిటిష్ రెసిడెంటు స్వెటెన్‌హమ్ పట్టుబట్టారు. ఆ ఇటుకలు కాల్చిన చోటే బ్రిక్‌ఫీల్డ్స్. 1886లో క్లాంగ్ వైపు రైలు వచ్చింది. 1901లో కొత్త రేవు తెరిచి దానికి పోర్ట్ స్వెటెన్‌హమ్ అని ఆయన పేరే పెట్టారు. 1972లో అది పోర్ట్ క్లాంగ్ అయింది. తోటలకు వచ్చిన మనవాళ్లలో ఎందరో దిగింది ఆ రేవులోనే. ఇవన్నీ కారులో పాపకి చెబుతుంటే ముందు సీట్లో అత్తయ్య వింటున్నారని నేను గమనించలేదు. "అయితే పెదనాన్న కూడా ఈ దారినే వెళ్లుంటాడేమో" అన్నారు.

పెట్టెలో ఏం పెట్టుకోవాలి, ఏం వద్దు

మనకి ముందు గుర్తొచ్చేది రైస్ కుక్కరు. వద్దు. ఇస్త్రీ పెట్టె, కెటిల్ కూడా వద్దు. ఓడలో అన్నిటికన్నా భయపడేది నిప్పుకి, అందుకని వేడెక్కే వస్తువులను స్కానింగ్‌లో పట్టి పక్కన పెట్టేస్తారు. ఇంట్లో వండిన పులిహోర కూడా ఎక్కనివ్వరు. సీలు తీయని పచ్చడి ప్యాకెట్లకు మాకు అడ్డు చెప్పలేదు.

టెర్మినల్‌లో పెద్ద పెట్టెలు తీసుకుని గది నంబరు చీటీ కడతారు. అవి గది గుమ్మం ముందుకు వచ్చేసరికి రాత్రి కావచ్చు. కాబట్టి పాస్‌పోర్టులు, అత్తయ్య షుగరు, బీపీ మాత్రలు, మందుల చీటీ, పిల్లలకి ఒక జత బట్టలు, అత్తయ్యకి శాలువా చేతి సంచిలో పెట్టాను. ఓడ లోపల ఏసీ గట్టిగా ఉంటుంది.

ఫోను విషయం మరచిపోవద్దు. సముద్రంలోకి వెళ్లాక ఓడ తాలూకు శాటిలైట్ నెట్‌వర్క్ దానంతటదే తగులుకుంటుంది, దాని రోమింగ్ బిల్లు చూస్తే గుండె ఆగుతుంది. ఒడ్డు వదలగానే అందరి ఫోన్లూ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, పెద్దవాళ్ల ఫోను మరీ ముఖ్యం.

నేను చదివిన మైక్రోబయాలజీ ఉపయోగపడిన చోటు

ఎక్కే ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం ఇచ్చారు: వాంతులు, విరేచనాలు, జ్వరం ఉన్నాయా అని. చాలామంది చదవకుండానే టిక్కులు పెట్టేస్తుంటారు. ఓడల్లో భయపడే నోరోవైరస్‌కి కొద్ది కణాలు చాలు, ఒకరి నుంచి వందమందికి పాకుతుంది. దాని చుట్టూ కొవ్వు పొర ఉండదు కాబట్టి ఆల్కహాల్ శానిటైజర్ దాన్ని సరిగా చంపలేదు. సబ్బు, పారే నీళ్లే మందు. భోజనాల హాలు ముందు చేతులు కడుక్కునే చోటు ఉంటే పిల్లల్ని తప్పకుండా ఆపండి.

కడుపులో తిప్పడం గురించి కూడా అందరూ అడుగుతారు. లోపలి చెవి "కదులుతున్నాం" అంటుంది, గది గోడను చూస్తున్న కళ్లు "లేదు" అంటాయి. ఆ గొడవే వికారం. ఓడ మధ్యలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ, మేం అలాంటి గదే తీసుకున్నాం. వికారంగా ఉంటే బయటికి వచ్చి దూరంగా ఆకాశం, నీళ్లు కలిసే గీతను చూడాలి. ఒక నిజం చెప్పాలంటే మలక్కా జలసంధిలో కెరటాలు పెద్దగా ఉండవు. హిందూ మహాసముద్రం ఉధృతికి సుమత్రా దీవి గోడలా అడ్డు నిలుస్తుంది. ఈ కాలంలో తెల్లవారుజామున వచ్చే గాలివానలు మాత్రం గట్టిగానే కొడతాయి, కాసేపట్లో సర్దుకుంటాయి.

ఓడెక్కాం

చెక్-ఇన్, ఇమిగ్రేషన్, స్కానింగ్ కలిపి మాకు రెండు గంటలు పట్టింది. వరస చూసి మావారు కౌంటరులో వీల్‌చెయిర్ అడిగారు. అత్తయ్యకి మొహమాటం. "నాకు కాళ్లున్నాయి కదరా" అన్నారు. "కాళ్లు ఓడలో తిరగడానికి దాచుకోమ్మా" అని మావారు కూర్చోబెట్టారు. పెద్దవాళ్లుంటే ఈ మాట బుకింగ్ అప్పుడే చెప్పి ఉంచడం మంచిది.

గదికి వెళ్లగానే భద్రతా శిక్షణకు పిలిచారు. 2012లో ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా మునిగిన తర్వాత అంతర్జాతీయ నియమం మార్చారు. ఇప్పుడు ఓడ కదిలే ముందు, లేదా కదిలిన వెంటనే, ఇది చేయించి తీరాలి. లైఫ్ జాకెట్ ఎక్కడుందో, మన గుంపు ఎక్కడ చేరాలో బాబు చేత రెండుసార్లు చెప్పించాను.

అప్పుడు అత్తయ్య అడిగారు, "ఆ రోజుల్లో ఓడ ఇంత ఉండేదా?" అని. ఆ దారిలో ఎక్కువ కాలం తిరిగిన ఓడ రజులా. 1926లో కట్టారు, దాదాపు 8,500 టన్నులు. మద్రాసు, నాగపట్నం, పెనాంగ్, పోర్ట్ స్వెటెన్‌హమ్, సింగపూర్ మధ్య 1970ల దాకా నడిచింది. 2016లో వచ్చిన జెంటింగ్ డ్రీమ్ లాంటి నేటి క్రూయిజ్ ఓడ లక్షన్నర టన్నులు. రజులాలో గదులు కొందరికే. మిగతా వేలమందీ డెక్కు మీదే చాపలు పరుచుకుని దాదాపు వారం గడిపేవారు. దిగాక క్వారంటైన్ క్యాంపులో ఉంచి, తర్వాతే తోటలకు పంపేవారు. పెదనాన్న ఎక్కింది ఏ ఓడో మాకు తెలియదు. అది వెళ్లిన మరుసటి సంవత్సరం, 1938లో, కూలీలను ఇలా పంపడాన్ని భారత ప్రభుత్వం ఆపేసింది.

సాయంత్రం ఓడ కదిలింది. మడ అడవులు, క్రేన్లు మెల్లగా వెనక్కి జరిగాయి. పిల్లలు మావారితో ఈతకొలను వైపు పరుగెత్తారు. అత్తయ్య శాలువా కప్పుకుని రెయిలింగు పట్టుకుని నిలబడ్డారు.

"మద్రాసు ఎటు ఉంటుందమ్మా?"

మేం వెళ్లేది ఆగ్నేయానికి, సింగపూర్ వైపు. మద్రాసు వాయవ్యాన, మా వెనక. చేయి చాపి చూపించాను. అత్తయ్య అటు తిరిగి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చేతులు జోడించారు. తర్వాత నా వైపు చూసి, "పదమ్మా, పిల్లలు తిన్నారో లేదో చూద్దాం" అన్నారు.