రోజుకో మాట, 20 ముఖాల పాచిక

ఆళ్లగడ్డకు సుమారు 25 కిలోమీటర్ల దూరంలోని అహోబిలంలో ఏటా కనుమ నాడు నరసింహస్వామి పల్లకి పారువేటకు కదులుతుంది. 40 రోజులకు పైగా, 30కి మించిన పల్లెలు తిరిగి స్వామి తన పెళ్లికి అందరినీ పిలుస్తాడు. చెంచులక్ష్మిని చేసుకున్నాడు కాబట్టి చెంచులు ఆయనకు బావమరుదులు. పల్లకి వైపు బాణాలు సంధించేది వాళ్లే. ఊరికే చూసి వెళ్లేవాళ్లు తక్కువ. పల్లకి దిగిన ప్రతి ఊరూ పెళ్లివారి ఇల్లే అవుతుంది. ఫోన్‌లో రాసుకుంటూ ఆడే పాత్రధారణ ఆటలంటే ఏమిటని నంద్యాల పిల్లలు ఎవరైనా అడిగితే, నేను ముందు పారువేటనే గుర్తుచేస్తాను. కథ అందరికీ తెలుసు, పాత్ర ఎవరిది వారికుంది, ఎవరి వంతు వచ్చినప్పుడు వారు కదలాలి.

ఈ ఆటలకు అచ్చు నియమాలు వచ్చింది 1974లో. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ తెచ్చారు. 1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా కంప్యూటర్ మీద పూర్తిగా అక్షరాలతోనే నడిచే ‘మడ్’ అనే ఆట మొదలుపెట్టాడు. తర్వాత రిచర్డ్ బార్టిల్ దాన్ని ముందుకు తీసుకెళ్లాడు. బొమ్మలు లేవు, చదవడం, రాయడం, అంతే.

ఇక పాచిక లెక్క. ఆటగాడు తలపెట్టిన పని ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది, ఆ ఫలితాన్ని ఆట నడిపేవారు రాస్తారు. మన అష్టాచెమ్మాలో గవ్వ ఎటైనా సమానంగా పడుతుందనుకుంటే, నాలుగూ వెల్లకిలా పడే అవకాశం 16లో 1. రెండు వెల్లకిలా, రెండు బోర్లా పడే అవకాశం 16లో 6. ఈ ఆటల్లో ఎక్కువగా వాడే 20 ముఖాల పాచికలో అలా కాదు, ప్రతి అంకెకూ అవకాశం 5 శాతమే. కోనేటి గోడ దూకడానికి 15 రావాలని ఆట నడిపేవారు అన్నారనుకోండి. 15 నుంచి 20 దాకా ఆరు అంకెలు, అంటే 30 శాతం. మీ పాత్రకు చురుకుదనం ఉండి 3 కలుపుకోనిస్తే 12 పడినా చాలు, అవకాశం 45 శాతానికి పెరుగుతుంది. పరిస్థితి మీకు అనుకూలమై పాచిక రెండుసార్లు వేసి పెద్దది తీసుకోనిస్తే, ఏమీ కలపకుండానే 51 శాతం. అందుకే బలమైన పాత్రకోసం ఆరాటపడడం కన్నా తెలివైన ఉపాయం రాయడమే లాభమంటాను.

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది మాత్రం లెక్కలో కాదు, వాక్యంలో. ‘నేను బాణం వేశాను, పులి చచ్చిపోయింది’ అని రాస్తే పులి ప్రాణం కూడా మీరే తీసుకున్నట్టు. ‘పులి మెడకు గురిపెట్టి బాణం వదిలాను’ అని ఆగండి. తగిలిందో లేదో పాచిక చెబుతుంది, ఆట నడిపేవారు రాస్తారు. పక్కవాడి పాత్ర చేత మాట్లాడించడం, భయపెట్టి పారిపోయినట్టు రాయడం కూడా ఇదే తప్పు. బాణం సంధించడం మీ చేతిలో ఉంది, పల్లకి ఎటు నడవాలో మీ చేతిలో లేదు.

రెండో తప్పు వేగం అంచనా. ఐదుగురు ఆటగాళ్లు, ఒక నడిపేవారు, మూడు చుట్ల పోట్లాట: మొత్తం 18 సందేశాలు. ఎదురెదురుగా కూర్చుంటే అరగంటలో తేలేది, రోజుకు ఒక్కొక్కరు ఒకసారి రాస్తే కనీసం మూడు రోజులు పడుతుంది. ఒకరు రెండు రోజులు మాయమైతే మిగతా ఐదుగురూ ఆగిపోతారు. చాలా ఆటలు పాత్ర చచ్చి కాదు, ఆటగాడు చెప్పకుండా మానేసి ఆగిపోతాయి. పరీక్షలున్నాయా, ముందే చెప్పండి. ఒకేసారి ఒక్క ఆటలోనే చేరండి. రోజూ 100 మాటలు రాయగలిగితే చాలు.

ఖర్చు పైసా లేదు. ‘డంజియన్స్ అండ్ డ్రాగన్స్’ మూల నియమాలను 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ వదిలేశారు. అవి సుమారు 400 పేజీలు. పాత్ర తయారీ, పాచిక నియమం చదివి దిగొచ్చు. అసలు పేరు, ఫోన్ నంబరు, కాలేజీ పేరు మాత్రం ఆటలో ఎవరికీ చెప్పకండి.

ఇక పాత్ర. మాంత్రికుడు, డ్రాగన్ అంటూ ఎక్కడికో వెళ్లనక్కర్లేదు. ఉలి శబ్దాన్నిబట్టి రాయిలో పగులెక్కడుందో చెప్పగల ఆళ్లగడ్డ శిల్పి కూతురు చాలు. నల్లమలలో దారి తెలిసిన చెంచు యువకుడు చాలు. అహోబిలంలోని తొమ్మిది నరసింహ క్షేత్రాల మధ్య పోయిన ఒక గంటను వెతకడమే కథ అనుకోండి. నలుగురు స్నేహితులను కలుపుకుని, ఈ ఆదివారమే తెలుగులో మొదటి సందేశం రాయండి.