అన్నమాచార్య సంకీర్తనల స్వర పునరుద్ధరణ

అన్నమాచార్య సంకీర్తనల స్వర పునరుద్ధరణ అనగా తాళ్ళపాక అన్నమాచార్యుడు (1408 - 1503) రచించిన సంకీర్తనలను 20వ శతాబ్దంలో తిరిగి గానయోగ్యం చేయుటకు జరిగిన కృషి. నేడు వినబడుతున్న అన్నమయ్య పాటలలో సాహిత్యం ఆయనదే అయినా, వాటి వరుసలు చాలావరకు ఆధునిక సంగీత విద్వాంసులు కూర్చినవి.

రాగిరేకులు

అన్నమయ్య 32,000 సంకీర్తనలు రచించాడని ప్రతీతి. వాటిలో పన్నెండు వేలకు పైగా తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో రాగిరేకులపై లభించాయి. 1920ల దశకంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి కృషి వలన ఇవి పండితుల దృష్టికి వచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మున్నగువారు వీటిని పరిష్కరించారు. రేకులపై సంకీర్తనకు రాగం పేరు ఉన్నది గాని స్వరలిపి లేదు. తాళం పేరు సాధారణంగా కనిపించదు.

రాగాల సమస్య

రేకుపై ఉన్న రాగంలోనే పాడినప్పటికీ అది అన్నమయ్య నాటి గానమని చెప్పుటకు వీలులేదు. ముఖారి ఇందుకు ఉదాహరణ. 1550లో రామామాత్యుడు రచించిన స్వరమేళకళానిధిలో ముఖారి శుద్ధస్వరాల మేళం, అనగా నేటి కనకాంగికి సమానం. నేటి ముఖారి ఖరహరప్రియ జన్యం. పేరు నిలిచింది, స్వరాలు మారాయి.

ఐరోపాతో పోలిక

ఐరోపాలో సుమారు 1600 - 1750 నడుమ వెలసిన బరోక్ సంగీతానికి కూడా ఇట్టి పునరుద్ధరణ జరిగింది. బాఖ్, వివాల్డి వంటివారి రచనలు స్వరలిపితో సహా మిగిలాయి. లోపించినది ఆనాటి వాదన పద్ధతి. ఆర్నాల్డ్ డోల్మెచ్ పాత వాద్యాలను తిరిగి నిర్మించాడు. నికొలాస్ హార్నన్‌కూర్ 1953లో వియన్నాలో స్థాపించిన బృందం ఆనాటి వాద్యాలపై, పాత గ్రంథాల ఆధారంతో వాయించింది. అక్కడ స్వరం మిగిలి శైలి పోయింది. ఇక్కడ సాహిత్యం మిగిలి స్వరమే పోయింది.

కొత్త వరుసలు

రాళ్ళపల్లి అనేక సంకీర్తనలకు స్వరకల్పన చేశారు. తిరుమల తిరుపతి దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టును ప్రారంభించింది. నేదునూరి కృష్ణమూర్తి (1927 - 2014), గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ (1948 - 2025) వరుసలు విశేష ప్రచారం పొందాయి. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానం వీటిని దేశమంతటా వినిపించింది.

ప్రామాణికత

అన్నమయ్య మనుమడు చిన తిరుమలాచార్యుని తెలుగు సంకీర్తన లక్షణము పద నిర్మాణాన్ని తెలుపుతుంది గాని పోయిన వరుసలను తిరిగి ఇవ్వజాలదు. కనుక ఈ గానాన్ని పునర్నిర్మాణం అనుటకంటే పునఃసృష్టి అనుట సమంజసం. సంకీర్తన పాడునప్పుడు సాహిత్యకర్తతోపాటు స్వరకర్త పేరును కూడా పేర్కొనినచో, ఏది 15వ శతాబ్దానిదో, ఏది 20వ శతాబ్దానిదో శ్రోతలకు స్పష్టమవుతుంది.